చింతకాయలు రాలే మంత్రం

మంత్రాలకు చింతకాయలు రాలవు అన్న సామెత పుట్టించిన మహానుభావుడు ఎవరో గానీ, బొత్తిగా నమ్మకం లేనివాడు మాత్రం కాదని నా అనుమానం. నమ్మకమే లేనివాడు చింతచెట్టు కింద నిలబడి మంత్రం చదివి చూడడు కదా! చదివాడు, రాలలేదు. రాయి తీసుకుని విసిరాడు, రాలాయి. ఆ అనుభవాన్ని నలుగురికీ చెప్పాడు. పోనీ ఆ మాట విని మనవాళ్ళు మంత్రాల జోలికి పోవడం మానేశారా అంటే అదీ లేదు. తేలు కుడితే ఒక మంత్రం, పసిబిడ్డ పాలు ముట్టకపోతే ఒకటి, వాన రాకపోతే ఒకటి. ఎప్పటికప్పుడు కొత్తవి పుట్టిస్తూనే ఉన్నారు. ఆకాశం నుంచి ఊడిపడని ప్రతి మంత్రాన్నీ ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని తయారు చేసి ఉండాలి. ఆ తయారీ ఎలా జరుగుతుందన్నదే ఇవాళ్టి మన ముచ్చట.

ఈ కాలం పిల్లలకి ఇది పెద్ద పని. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట ఉంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ చెబుతాడు. మన తోలుబొమ్మలాటలో తెర వెనుక నిలబడి అన్ని గొంతులూ తానే పలికేవాడి లాంటివాడన్నమాట. మిగతావాళ్ళలో ఒకడు వీరుడు, ఒకతె దొంగ, ఇంకొకడు మాంత్రికుడు. కొండగుహ దగ్గరికి వచ్చాం, ఏం చేస్తావు అని కథకుడు అడుగుతాడు. ఆడేవాడు తాను చెయ్యదలచింది చెప్పి పాచిక వేస్తాడు. ఆ పాచికకు ఆరు ముఖాలు కాదు, ఇరవై ముఖాలు. గెలుపూ ఓటమీ అంత స్పష్టంగా ఉండవు. కథ సాగితే చాలు, ఆట సాగినట్టే.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌తో కలిసి రూపొందించిన ఈ ఆటను 1974లో అచ్చు వేశాడు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. మొదట వేసినవి వెయ్యి ప్రతులు. మాంత్రికుడికి హద్దు ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళకు పెద్ద చిక్కయింది. వాడు తలచుకున్నప్పుడల్లా నిప్పు కురిపిస్తుంటే పక్కనున్న వీరుడి కత్తి ఎందుకు? కూరలు తరుక్కోవడానికా? అందుకని జాక్ వాన్స్ అనే రచయిత 1950లో అచ్చయిన కథల పుస్తకంలో వాడిన ఉపాయాన్ని తెచ్చుకున్నారు. మంత్రాన్ని కంఠస్థం చేయాలి. ఒకసారి ప్రయోగిస్తే అది బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ పుస్తకం ముందు కూర్చోవాలి. పరీక్ష రాసి హాలు బయటికి రాగానే చదివిందంతా మరిచిపోయే మన పిల్లలకు ఈ మాంత్రికుడి అవస్థ తేలిగ్గానే అర్థమవుతుంది.

1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో ఒక్కో మంత్రానికీ ఏమేం కావాలో విడదీసి రాశారు: పలకాల్సిన మాట, చేతితో చెయ్యాల్సిన ముద్ర, దగ్గరుండాల్సిన సామగ్రి. కొన్నింటికి ఈ మూడూ కావాలి, కొన్నింటికి ఒకటో రెండో చాలు. సామగ్రి రాసిన మనిషికి హాస్యం ఎక్కువ. నిప్పుబంతి విసరాలంటే గబ్బిలం రెట్టా గంధకమూ కావాలట. మందుగుండు తయారీ తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. మెరుపు పుట్టించాలంటే బొచ్చు ముక్కా గాజు కడ్డీ కావాలి. అది మనం హైస్కూల్లో రుద్ది కాగితపు ముక్కలు ఎగరేసిన ప్రయోగమే. ఎదుటివాడి మనసులో మాట తెలుసుకునే మంత్రానికి ఒక రాగి నాణెం. ఏం ఆలోచిస్తున్నావో చెబితే పైసా ఇస్తానని ఇంగ్లీషువాళ్ళలో ఒక మాట ఉంది, అందుకు.

ఆ పుస్తకంలోని మంత్రాలు కొన్ని నిజంగానే ఇంటి తయారీ. టెన్సర్ అనే మాంత్రికుడి పేరుతో ఒక తేలే పళ్ళెం ఉంది. గైగాక్స్ కొడుకు ఎర్నెస్ట్ పేరులోని అక్షరాల్ని అటూ ఇటూ చేస్తే వచ్చే పేరది. డ్రామిజ్ అనే ఇంకో మాంత్రికుడు జిమ్ వార్డ్ అనే ఆటగాడి పేరుని తిరగేస్తే పుట్టాడు. భోజనాల బల్ల మీద పిల్లలూ స్నేహితులూ ఆడుకుంటూ కల్పించుకున్న పేర్లు లక్షలమంది చేతిలోని పుస్తకాలకెక్కాయి. ఆటలో కొత్త మంత్రం కల్పించుకునే హక్కు అందరికీ ఉంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే చాలు.

ఈ లెక్క మనకేం కొత్త కాదు. మాట, చెయ్యి, సామగ్రి అనగానే నాకు మా ఇళ్ళల్లో దిష్టి తీయడం గుర్తొచ్చింది. గుప్పెట్లో ఉప్పూ ఎండు మిరపకాయలూ సామగ్రి. మూడుసార్లు తిప్పడం చెయ్యి. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ వరస పెట్టి గొణిగేది మాట. తర్వాత తీసుకుపోయి పొయ్యిలో వేస్తారు. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే బోలెడంత దిష్టి తగిలినట్టు! ఫలితాన్ని పరీక్షించుకునే పద్ధతి కూడా మంత్రంలోనే అమర్చి పెట్టిన మన అవ్వల తెలివిని ఆ లేక్ జెనీవావాళ్ళు చూసి ఉంటే పుస్తకంలో ఒక పేజీ తప్పకుండా ఇచ్చేవాళ్ళు.

తేలు మంత్రానికి హద్దులు ఇంకా గట్టివి. గ్రహణం పట్టినప్పుడు నీళ్ళలో నిలబడి జపిస్తేనే అది పదునెక్కుతుంది. నలుగురికీ చెప్పేస్తే శక్తి పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు తీసుకోకూడదు. తీసుకున్న రోజున మంత్రం పనిచేయడం మానేస్తుంది. విషం దిగిందా లేదా అన్నది వైద్యుడు చూసుకోవాల్సిన సంగతి. ఇప్పుడైతే తేలు కుడితే నేరుగా ఆసుపత్రికే పోవాలి. కానీ ఆ నియమం పెట్టినవాడి బుద్ధి చూడండి. నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చినవాడి దగ్గర బేరాలాడకుండా మంత్రగాడి చేతులు ముందే కట్టేశాడు.

ఇక కథలు అల్లేవాళ్ళ సంగతికొద్దాం. నవలలు రాసుకునేదాన్ని కనుక ఇది నా ఇంటి విషయం. అద్భుతం రాయడం ఎంతసేపు? దానికి హద్దు రాయడమే కష్టం. పదహారో శతాబ్దంలో నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన 'కళాపూర్ణోదయం'లో పింగళి సూరన ఈ విద్యలో ఎంత ఆరితేరాడో కనబడుతుంది. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో ఒక కథ చెబుతాడు. అది కథ మాత్రమే కాదు, ముందు ముందు జరగబోయేది. పంజరంలోని చిలుక వింటుంది. శాపం పొంది భూమ్మీద ఆడపిల్లగా పుడుతుంది. ఒక మణిహారం ఆ పసిపిల్ల మెడలో పడగానే మాటలే రాని బిడ్డ గడగడా ఆ కథంతా చెప్పేస్తుంది. ఆ కథ తెలిసినవాళ్ళు కొడుకులతో మనవలతో చల్లగా బతుకుతారని దానికో వరం కూడా ఉంది. హారం తాకాలి, ఆ బిడ్డనే తాకాలి, అప్పుడే నోరు విచ్చుకోవాలి. అలా ఒక్కో మేకూ ఎక్కడ కొట్టాలో అక్కడ కొట్టి పెట్టాడు కవి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దాన్ని 2002లో ఇంగ్లీషులోకి తెచ్చాక, నాలుగు శతాబ్దాల కిందటి ఈ కట్టుదిట్టాన్ని చూసి పైదేశాలవాళ్ళూ ముక్కున వేలేసుకున్నారు.

సూరన తర్వాత మంత్రాలకు పుట్టిల్లు మళ్ళీ ఈ సీమే అయింది. 1947 జులైలో చక్రపాణితో కలిసి 'చందమామ' మొదలుపెట్టిన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. ఆయన విజయా సంస్థకు 1951లో 'పాతాళభైరవి' తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి ప్రాంతం. ఆ సినిమాలో నేపాళ మాంత్రికుడికి అమ్మవారి ప్రతిమ కావాలంటే సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. తీరా ఆ యువకుడే మాంత్రికుణ్ణి బలి ఇచ్చి ప్రతిమ సంపాదిస్తాడు. ప్రతిమకు మంచివాడు, చెడ్డవాడు అన్న తేడా లేదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. అందుకే అది మళ్ళీ మాంత్రికుడి చేతికి పోగానే తోట రాముడి మేడలన్నీ మాయమైపోతాయి. ఈ ఒక్క నియమం లేకపోతే కథ సగంలోనే శుభం కార్డు పడేది. 1957 నాటి 'మాయాబజార్'లో సత్యపీఠం సంగతీ అంతే. దాని మీద నిలబడ్డవాడి చేత నిజం చెప్పిస్తుంది, అంతకుమించి ఇంకేం చెయ్యదు. ఆ ఒక్క పనికే శకుని గుట్టంతా బయటపడిపోతుంది. ఈ రెండు సినిమాలకూ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు మాటల్నే కొత్తగా పుట్టించాడు. 'వీరతాడు' అన్నది ఏ నిఘంటువు చూసి రాశాడు కనుక?

ఇంతకీ ఈ మంత్రాల గొడవ నా దాకా ఎందుకొచ్చిందంటే, ఒంటిమిట్ట వల్ల. కడప నుంచి రాజంపేట పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. కోదండరాముడి గుడి. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో వెలిశారంటారు. గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. 1652 ప్రాంతాల్లో ఈ వైపు వచ్చిన టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు ఈ గుడిని మెచ్చుకున్నాడని చెబుతారు. రాష్ట్రం విడిపోయాక, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలు ఇక్కడే జరుపుతోంది. అన్నిచోట్లా పట్టపగలు జరిగే రాముడి పెళ్ళి ఇక్కడ మాత్రం రాత్రి వెన్నెల్లో.

ఈ ఊళ్ళో కథలన్నీ మంత్రాలే. ఇమాం బేగ్ అనే ఆయన, పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని అడిగి, తానే మూడుసార్లు పిలిచి చూశాడట. లోపలినుంచి ఓ అని వినిపించిందట. ఆయన తవ్వించిన బావి ఆయన పేరుతోనే ఉంది. వనవాసంలో సీతమ్మకు దాహమేస్తే రాముడు నేలలోకి బాణం వేశాడనీ, అదే రామతీర్థమనీ మరో కథ. ఇక్కడ పుట్టిన కథల్లో బాణం తగిలి రాక్షసుడు పడలేదు, నీళ్ళు పడ్డాయి. ఎండు సీమలో కథ అల్లేవాడికి ఇంతకన్నా పెద్ద అద్భుతం ఏం తోస్తుంది? 1876లో మొదలైన ధాత కరువు పేరు చెబితే ఇప్పటికీ ఉలిక్కిపడే ముసలివాళ్ళ నోటి మాటలు విని పెరిగినవాళ్ళం మేము. వాన కోసం కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పడం, విరాటపర్వం చదివించడం, ఇవన్నీ ఇక్కడి ఇంటి తయారీ మంత్రాలే.

ఆమధ్య కల్యాణానికి వెళ్ళినప్పుడు, చుట్టాల పిల్లలు నలుగురు పంచలో చాప మీద పుస్తకాలూ పాచికలూ పరుచుకుని కూర్చున్నారు. బెంగుళూరు నుంచి వచ్చినవాడు కథకుడు. తక్కినవాళ్ళది కడప.

"ఏందిరా అంత కొట్లాట?" అన్నాను.

"సూడత్తా, వీడు రామతీర్థం అని మంత్రం రాసినాడు. బాణం ఏస్తే చాలంట, ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని నీళ్ళు. అట్లయితే ఇంక ఆటేముంది?" అంది పన్నెండేళ్ళ పిల్ల.

నిజమే. అసలు ఆటలో కూడా నీళ్ళు పుట్టించే మంత్రం మొదటినుంచీ ఉంది. 1974 పుస్తకంలో దాని కొలత పన్నెండుమంది మనుషులకూ వాళ్ళ గుర్రాలకూ ఒక రోజుకు సరిపడేటంత. చెరువు నింపడం కుదరదు. రేపటి దాహం రేపటిదే. మావాడు కొలత ఒప్పుకున్నాడు. కానీ దానికి ఒక వెల ఉండాలని మిగతావాళ్ళు పట్టుబట్టారు.

"సరే, ఊళ్ళో ఎవరో ఒకరి ప్రాణం పోతుంది. అది వెల" అని గీసేశాడు వాడు, కథలో రక్తం ఎంతుంటే అంత రుచి అన్నట్టు.

అప్పటిదాకా చెవి ఒగ్గి వింటున్న వాళ్ళ జేజి, "ఎవురిదిరా ఆ ప్రాణం?" అంది.

వాడికి జవాబు లేదు. నాకు మాత్రం జవాబు తెలుసు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు బలి అయిపోయిన కథని, కట్టమంచి రామలింగారెడ్డి పంతొమ్మిదో శతాబ్దం చివర 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా రాశాడు. పేరుకు ముసలమ్మే గానీ ఆమె ఆ ఇంటి చిన్నకోడలు. చెరువు నిలవాలంటే, కోట నిలవాలంటే, వాన కురవాలంటే, మన కథల్లో వెల కట్టేది ఎప్పుడూ ఎవరు? ఆ ఇంటికి బయటినుంచి వచ్చిన పిల్ల. సూరన కావ్యంలో కూడా మణిస్తంభుడనే సిద్ధుడు మృగేంద్రవాహన గుడిలో బలి ఇవ్వబోయేది కలభాషిణి అనే ఆడపిల్లనే. ముసలమ్మను జనం దేవతను చేసి కొలుస్తారు, నిజమే. కానీ కట్ట తెగకుండా ఉండటానికి ఆ ఊరి పెద్దల్లో ఒకరి పేరు అమ్మవారికి ఎందుకు గుర్తు రాలేదో, ఆ నియమం ఎవరు రాశారో ఆలోచించాలి. మంత్రానికి వెల ఎంత అన్నది సగం ప్రశ్నే. ఆ వెల ఎవరు కడతారన్నది మిగతా సగం.

ఈ కథంతా పిల్లలకు చెప్పాను. జేజి తన పాటికి తాను, "నేను మెట్లబావి దిగి కడవలు మోసినదాన్ని. ఊరికే వచ్చే నీళ్ళు యాడున్నాయి? తెచ్చేటోళ్ళే కట్టుకోవల్ల కష్టం. పక్కింటోళ్ళ మీదికి తోసేది ఏం మంత్రం?" అంది.

పిల్లలు ఒక అరగంట తగువులాడుకుని తయారు చేసింది ఇదీ. మాట: దాహంగా ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పలకాలి. చెయ్యి: బాణం నేలకు గురిపెట్టాలి. సామగ్రి: ఎండిన బావిలోంచి తెచ్చిన గులకరాయి. ఫలితం: పన్నెండు కడవలు. వెల: నీళ్ళు తెప్పించినవాడు వాటిని తాను తాగకూడదు, ఎవరైనా వేరేచోటి నుంచి తెచ్చి పోస్తేనే వాడి దాహం తీరుతుంది. ఆఖరి నియమం ఆ పన్నెండేళ్ళ పిల్లది. ఏ పుస్తకంలో వేసినా తీసిపోని నియమం అది.

ఇలాంటి ఆటలు పిల్లల బుర్రలు పాడు చేస్తాయని 1980లలో అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు భయపడ్డారు, దెయ్యాల పూజ నేర్పుతున్నారని సంఘాలు పెట్టి మరీ పోరాడారు. మనకు భయపడాల్సిన మంత్రాలు వేరే ఉన్నాయి. చేతబడి చేశారు, బాణామతి పెట్టారు అన్న అనుమానంతో మన తెలుగు పల్లెల్లోనే మనుషుల పళ్ళు ఊడగొట్టారు, కొట్టి చంపారు. పక్కనున్న మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేసుకోవలసి వచ్చింది. రెంటికీ తేడా ఎక్కడంటే, ఆటలో మంత్రం కల్పితమని బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. దాని నియమాలు కాగితం మీద ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు, ఇది అన్యాయం అని ఎవరైనా అడ్డు పడొచ్చు. చేతబడి అన్న నిందకు నియమాలూ ఉండవు, కాగితమూ ఉండదు. రుజువు అడిగే హక్కు నింద పడ్డవాళ్ళకు అసలే ఉండదు. మంత్రం తయారు చేయడం చేతనైన పిల్లకు, ఎవరో తయారు చేసిన మంత్రాన్ని విప్పి చూడటమూ చేతనవుతుంది. నా ఆశ అదీ.

అన్నట్టు, ఒంటిమిట్టలో నిజంగా పనిచేసిన మంత్రం ఒకటుంది. వావిలికొలను సుబ్బారావు అని, 1863లో పుట్టి 1936లో పోయిన పండితుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పాడు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నాడు. వైభవం తగ్గి పాడుబడిన ఒంటిమిట్ట గుడిని చూసి ఆ పెద్దమనిషి ఏం చేశాడు? చేతిలోకి ఒక టెంకాయ చిప్ప తీసుకున్నాడు. ఊరూరా తిరిగి రాముడి కోసం అడుక్కున్నాడు. పైసలు పడ్డాయి, రూపాయలు పడ్డాయి, గుడి నిలబడింది. ఆ చిప్ప మీద ఏకంగా శతకమే చెప్పాడు.

పిల్లల లెక్కలో పెట్టి చూడండి. మాట: రాముడికి ఇవ్వండి అని అడగడం. చెయ్యి: సిగ్గు విడిచి చాచడం. సామగ్రి: టెంకాయ చిప్ప. వెల: కాలేజీ పండితుడి దర్జా. అది కూడా ఆయన సొంతానిదే, పక్కింటివాళ్ళది కాదు. చింతచెట్టు కింద నిలబడ్డ ఆ మొదటి మనిషికి ఈ మంత్రం తెలిసి ఉంటే రాయి వెతుక్కునే పని ఉండేది కాదు; చెట్టుగల ఆసామిని అడిగి ఉంటే వాడే నాలుగు కాయలు రాల్చి ఒళ్ళో పోసేవాడు.